పదిహేనవ శిఖరం

ప్రపంచంలోని అత్యున్నత పర్వతశిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ పెద్దమనిషి దానిని ఎన్నడూ చూడలేదు. తన పేరు పెట్టడం సమంజసం కాదని ఆయన నోరు విడిచి చెప్పాడు కూడా. అయినా పెట్టనే పెట్టారు. పెట్టిన పిమ్మట లోకమంతా ఆ పేరును తప్పుగా పలుకుతూ వచ్చినది. ఆయన ఇంటిపేరు ‘ఈవ్‌రెస్ట్’. కొండ మాత్రం ‘ఎవరెస్ట్’ అయి కూర్చున్నది. ఇక ఆ శిఖరం ఎత్తును గుణించి తేల్చిన వంగదేశీయుని పేరు గాని, దాని పాదాన తరతరాలుగా జీవిస్తూ వచ్చిన జనం దానికి పెట్టుకొన్న పేరు గాని మన పాఠ్యపుస్తకాలలో చాలాకాలం కనిపించలేదు.

ఈ కథకు ఆరంభం హిమాలయాలలో కాదు, మద్రాసులో. 1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ అనే ఆంగ్ల సైనికోద్యోగి సెయింట్ థామస్ మౌంట్ దాపున ఏడున్నర మైళ్ల పొడవు గల ఒక సరళరేఖను ఉక్కు గొలుసుతో కొలవనారంభించాడు. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు కొనలందలి కోణాలు తెలిస్తే తక్కిన రెండు భుజాల పొడవులు లెక్కకు వస్తాయని ఉన్నత పాఠశాలలో చదివే ప్రతి విద్యార్థీ ఎరుగును. లాంబ్టన్ పద్ధతి అంతకంటె వేరు కాదు. నేలమీద కొలిచిన ఆ ఒక్క రేఖ ఆధారం; అక్కడ నుండి దూరాన కనిపించే కొండకో, గుడిగోపురానికో కోణాలు తీస్తే ఒక త్రిభుజం; ఆ త్రిభుజపు భుజం మీద మరొకటి; దానిమీద వేరొకటి. ఇట్లా త్రిభుజాలను గొలుసువలె అల్లుకుంటూ పోతే ఏ నది అడ్డువచ్చినా, ఏ అడవి అడ్డువచ్చినా అడుగడుగూ గొలుసు పరచనవసరం లేకుండానే దేశం మొత్తాన్ని కొలవవచ్చు. కన్యాకుమారి నుండి హిమాలయ పాదాల వరకు పదిహేనువందల మైళ్లకు పైగా సాగిన ఈ త్రిభుజాల వరుసకు ‘మహాచాపం’ అని పేరు. అది పూర్తి కావడానికి నాలుగు దశాబ్దాలు పట్టినది.

కోణాలు తీసే యంత్రం పేరు థియొడొలైటు. లాంబ్టన్ తెప్పించిన పెద్ద యంత్రం దాదాపు అరటన్ను బరువు. లండను నుండి ఓడలో వస్తూ ఉండగా ఫ్రెంచివారు దానిని పట్టుకొని మారిషస్ ద్వీపానికి తీసుకొనిపోయారు. అది శాస్త్రకార్యానికి ఉద్దేశించినదని తెలిసిన తరువాత అక్కడి గవర్నరు మర్యాదగా తిరిగి పంపించాడు. శత్రువుల మధ్య కూడా అట్టి మర్యాద చెల్లుబాటైన కాలమది. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయపు గోపురం పైకి ఆ యంత్రాన్ని ఎక్కిస్తూ ఉండగా మోకు తెగి అది గోడకు కొట్టుకొన్నది. చక్రం వంగిపోయినది. మరొకడైతే ఉద్యోగం మానుకొని ఉండేవాడు. లాంబ్టన్ గుడారంలో కూర్చుండి, దానిని భాగభాగాలుగా ఊడదీసి, వారాల తరబడి శ్రమించి వంకరలు తీసి మళ్లీ పనికి తెచ్చాడు.

జార్జి ఎవరెస్టు ఈ లాంబ్టన్‌కు సహాయకుడుగా 1818 చివర హైదరాబాదు చేరుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది. ఆయనకు అప్పగించిన మొదటి ప్రాంతం తెలుగుదేశంలోనిదే. కృష్ణా గోదావరుల మధ్యనున్న అడవులను త్రిభుజాలతో కప్పి రావలెనని ఆజ్ఞ. సర్వేవారికి ఒక ఇబ్బంది ఉన్నది. ఎండకాలంలో ధూళి వల్ల దూరపు గుర్తులు కనిపించవు. వానలు పడితే గాలి కడిగినట్లు తేటపడుతుంది. కాబట్టి ఊళ్లలోని వారు అడవికి పోవుటకు భయపడే కాలంలోనే వారు అడవులు పట్టి తిరగవలసి వచ్చేది. 1819లో ఎల్లాపురం అడవులలో ఎవరెస్టును, ఆయన వెంట ఉన్న సుమారు నూటయాభై మందిని జ్వరాలు కమ్ముకొన్నవి. డోలీలు, ఏనుగులు, బండ్లు, ఏవి దొరికితే అవి హైదరాబాదు నుండి పంపి వారిని వెనుకకు తెచ్చుకోవలసి వచ్చినది. పలువురు దారిలోనే ప్రాణాలు విడిచారు. మరుసటి సంవత్సరం మళ్లీ అదే ప్రాంతంలో జబ్బుపడిన ఎవరెస్టు ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణాగ్రాన ఉన్న కేప్‌కు పోవలసి వచ్చినది. అది బహుశా మలేరియాయే. ఆ జ్వరాన్ని దోమ మోసుకొని వస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదులో కనిపెట్టాడు. అంటే ఎవరెస్టు బృందాన్ని డోలీలలో మోసుకొనివచ్చిన ఆ ఊరి పొరుగునే, డెబ్బదియెనిమిది సంవత్సరాల తరువాత!

ఆ అడవులలో మరణించిన జెండా బంట్రోతుల పేర్లు, బోయీల పేర్లు ఏ పటంలోనూ లేవు. దేశపటంలో గీచిన ప్రతి గీత వెనుక ఇట్టి పేరులేని మనుషులున్నారన్న మాట గుర్తుంచుకొని ముందుకు పోవలె.

1823 జనవరి 20వ తేదీన లాంబ్టన్ నాగపురానికి పోతూ హింగన్‌ఘాట్‌లో మరణించాడు. పని ఎవరెస్టు చేతికి వచ్చినది. 1830లో ఆయన భారతదేశ సర్వేయర్ జనరలు అయినాడు. కోపిష్ఠి, మాటకారి, పనిలో మాత్రం వెంట్రుకవాసి తప్పును సహించనివాడు. గంగామైదానంలో ఎక్కుటకు కొండలు లేకపోతే ఎత్తయిన గోపురాలు కట్టించి వాటిమీద యంత్రాలు నిలిపాడు. 1843లో పదవి విరమించి ఇంగ్లండు వెళ్లిపోయాడు. అప్పటికి ఆ మహాశిఖరాన్ని ఎవరూ కొలవనూ లేదు, అది అన్నిటికంటె ఎత్తయినదన్న అనుమానమైనా ఎవరికీ కలుగలేదు.

కొలతలు తీయడం సగం పని. వాటిని గుణించి తేల్చడం తక్కిన సగం. అందుకు గణితం తెలిసిన యువకులు కావలసి వచ్చి ఎవరెస్టు కలకత్తా హిందూ కళాశాలను ఆశ్రయించాడు. అట్లా 1831లో కొలువులో చేరినవాడు రాధానాథ్ సిక్దార్. 1813లో కలకత్తాలోని జొరాసంకోలో పుట్టాడు. డెరోజియో శిష్యులలో ఒకడు. ఆయన ఉద్యోగం పేరు ‘కంప్యూటర్’. ఈనాటి విద్యార్థికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఆ మాటకు అప్పుడు యంత్రమని అర్థం కాదు, లెక్కలు కట్టే మనిషి అని అర్థం. గోళాకార త్రికోణమితి మీద సిక్దార్‌కు ఎంతటి అధికారం లభించినదంటే, ఆయన వేరే ఉద్యోగానికి మారజూచినప్పుడు వదలుకొనుటకు ఎవరెస్టు ఒప్పుకొనలేదు. ఆ గణకుని సామర్థ్యాన్ని పై అధికారుల ఎదుట పదేపదే పొగిడాడు.

సిక్దార్ తలవంచుకొని లెక్కలు చేసుకొనే గుమాస్తా మాత్రం కాదు. 1843లో డెహ్రాడూనులో ఒక మేజిస్ట్రేటు సర్వేశాఖ కూలీలను తన సొంత బరువులు మోయుటకు పట్టుకొనిపోగా, సిక్దార్ ఆ సామాను ఆపించి ఎదురు తిరిగాడు. కేసు నడిచినది. రెండువందల రూపాయలు జరిమానా పడినది. జరిమానా చెల్లించాడు గాని, వెట్టిచాకిరి తప్పన్న మాట నుండి వెనుకకు పోలేదు. ఆ రోజులలో ఒక నల్లవాడు తెల్ల మేజిస్ట్రేటును ధిక్కరించడమంటే ఏమిటో ఊహించుకొన్నవారికి, ఈ మనిషి ఎత్తు కూడ కొంత బోధపడగలదు.

ఎవరెస్టు తరువాత సర్వేయర్ జనరలైన ఆండ్రూ వా దొర 1847లో డార్జిలింగ్ ప్రాంతం నుండి కాంచనగంగను పరిశీలిస్తూ ఉండగా, పడమటి దిక్కున చాలా దూరంలో, ముందరి కొండల వెనుక సగం దాగి ఒక శిఖరం కనిపించినది. దగ్గరకు పోవుటకు వీలులేదు. నేపాలు రాజ్యం పరాయివారిని రానిచ్చేది కాదు. 1849లో జేమ్స్ నికల్సన్ అనే ఉద్యోగి బీహారు మైదానాలలో వేరువేరు స్థానాల నుండి ఆ శిఖరానికి కోణాలు తీశాడు. వాటిలో అతిసమీపమైన స్థానం కూడా శిఖరానికి నూరుమైళ్లకు పైబడిన దూరంలో ఉన్నది. పాపం, నికల్సన్‌ను కూడా జ్వరమే పట్టుకొన్నది. లెక్కలు ముగించకుండానే ఇంటికి పోవలసి వచ్చినది. పేరు తెలియని శిఖరాలన్నిటికీ రోమను అంకెలు వేస్తూ పోగా దీనికి వచ్చిన అంకె పదిహేను. అట్లా అది కొన్ని సంవత్సరాలు ‘పదిహేనవ శిఖరం’గా వ్యవహరింపబడినది.

1852లో కలకత్తా కార్యాలయంలో ప్రధాన గణకుడుగా ఉన్న సిక్దార్ ఈ శిఖరం లెక్క తేల్చాడు. ఆ లెక్కలోని కష్టం తెలియనిదే ఆయన గొప్పతనం తెలియదు. నూరుమైళ్ల గాలిలోగుండా వచ్చే కాంతికిరణం నిట్టనిలువుగా రాదు. గాలి పలుచన, చిక్కదనాలను బట్టి, వేడి, చలువలను బట్టి వంగుతూ వస్తుంది. కనుక కంటికి కనిపించే శిఖరం నిజమైన శిఖరం కాదు, దానికి కొంత పైన తోచే మాయ. ఆ వక్రీభవనాన్ని అంచనా కట్టి తీసివేయవలె. అంత దూరంలో భూమి గుండ్రదనం మూలాన శిఖరం ఎంత క్రుంగినదో దానిని కలుపవలె. ఇంకొక చిక్కున్నది. గోడ నిలువు చూచుటకు తాపీమేస్త్రీ దారం కట్టి గుండు వ్రేలాడదీస్తాడు కదా. మహాపర్వతాల దాపున ఆ గుండు కూడా కొండల ఆకర్షణకు లోబడి కొద్దిగా ప్రక్కకు జరుగుతుంది. నిలువే నిలువుగా లేనప్పుడు ఎత్తు ఎక్కడిది? ఇన్ని సవరణలు చేసిన మీదట ఆరు స్థానాల కొలతలకు సరాసరి తీయగా వచ్చిన ఎత్తు 29,000 అడుగులు. గుండుసున్నలు చూచి జనం దీనిని ఉజ్జాయింపు లెక్క అనుకొంటారని రెండడుగులు కలిపి 29,002గా ప్రకటించారని ఒక ప్రతీతి.

సిక్దార్ పరుగు పరుగున వా దొర గదిలోకి పోయి, ‘అయ్యా, ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండను కనుగొన్నాను’ అన్నాడని ఒక కథ బహుళ ప్రచారంలో ఉన్నది. వినుటకు ఇంపుగానే ఉన్నది గాని నమ్ముటకు వీలుగా లేదు. సిక్దార్ కార్యాలయం కలకత్తాలో, వా దొర మకాం డెహ్రాడూనులో. అంత దూరం పరుగెత్తుట ఎవరి తరమూ కాదు. నిజమేమనగా, ఇట్టి పనులలో హఠాత్తుగా కనుగొనుట అనేది ఉండదు. అనేకులు తీసిన కోణాలు, అనేకులు చేసిన లెక్కలు. వాటన్నిటినీ కూడదీసి తేల్చినవాడు సిక్దార్. వా దొర మరి నాలుగు సంవత్సరాలు ఆ లెక్కలను తిరగవేసి చూచి, 1856 మార్చిలో గాని సంగతి బయటపెట్టలేదు.

అప్పుడు వచ్చినది పేరు సమస్య. స్థానికమైన పేరు ఉన్నచోట ఆ పేరే ఉంచవలెనని సర్వేశాఖకు నియమం. ఆ నియమాన్ని గట్టిగా పాటించినవాడు ఎవరెస్టే. వా దొర మాత్రం, ఈ శిఖరానికి స్థానికుల పేరేదీ తనకు తెలియరాలేదనీ, నేపాలు ప్రవేశం లేనంతకాలం తెలిసే మార్గమూ లేదనీ వ్రాసి, తన పూర్వాధికారి పేరును సూచించాడు. ఖాట్మండూలో చిరకాలం రెసిడెంటుగా ఉన్న హాడ్జ్‌సన్ ఒప్పుకొనలేదు. దాని పేరు ‘దేవఢుంగా’ అన్నాడు. జర్మను అన్వేషకుడు హెర్మన్ ష్లాగిన్ట్‌వైట్ ‘గౌరీశంకర్’ అన్నాడు. ఈ రెండో పేరు ఐరోపా పటాలలో దాదాపు యాభై ఏండ్లు చెలామణీ అయినది. 1903లో హెన్రీ వుడ్ నేపాలుకు పోయి చూడగా, గౌరీశంకర్ వేరు, ఇది వేరు, రెంటి మధ్య సుమారు ముప్పదియారు మైళ్ల దూరమున్నదని తేలినది.

ఎవరెస్టు అభ్యంతరం 1857లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ముందుకు వచ్చినది. తన పేరును దేశభాషలలో వ్రాయుట సాధ్యం కాదనీ, భారతీయుల నోట పలుకదనీ ఆయన వాదం. ఆ భయం ఆయనకు అక్కరలేకపోయినది. తెలుగువారు చివర ఒక ఉకారం తగిలించి ‘ఎవరెస్టు’ అని ఇంటిమనిషిని చేసుకొన్నారు; తప్పుగా పలికినది ఆయన స్వజనమే. 1865లో ఆ సంస్థ ఎవరెస్టు పేరునే ఖాయం చేసినది. ఆయన మరుసటి సంవత్సరం డిసెంబరులో కన్నుమూశాడు.

స్థానిక నామం లేదన్న మాట మాత్రం సరికాదు. ఉత్తరాన టిబెట్టువారు ఆ కొండను ‘చోమోలుంగ్మా’ అంటారు. వా దొర పుట్టుటకు ఎంతో ముందే, చైనా చక్రవర్తి కాంగ్‌షీ వేయించిన కొలతల ఆధారంగా 1733లో ప్యారిసులో దాన్విల్ అచ్చువేసిన పటంలో ఆ పేరుకు దగ్గరి రూపం ఉన్నది. జగన్మాత అని దానికి సాధారణంగా అర్థం చెబుతారు గాని, టిబెట్టు పండితులందరూ ఆ వ్యుత్పత్తిని అంగీకరించరు. నేపాలువారి ‘సగర్‌మాథా’ ఈ శతాబ్దికి ముందటి శతాబ్దిలో వ్యాప్తికి వచ్చిన పేరు. చరిత్రకారుడు బాబూరామ్ ఆచార్య దానిని వెలుగులోకి తెచ్చాడు. మన చెవికి అది ‘సాగరమాత’ అని వినిపించి భ్రమ కలిగిస్తుంది. నేపాలీలో ‘సగర్’ అనగా ఆకాశం, ‘మాథా’ అనగా తల, నుదురు. ఆకాశమంటిన శిరస్సు అని భావం. అయితే మన పొరపాటు అర్థంలోనూ ఒక చమత్కారమున్నది. శిఖరాగ్రాన ఉన్నది సున్నపురాయి. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పేరుకొన్న ఒండ్రు అది. దానిలో సముద్రజీవుల అవశేషాలు నేటికీ దొరుకుతాయి. సాగరం నుండి పుట్టినదనడంలో అసత్యమేమీ లేదు.

సిక్దార్ 1862లో కొలువు విరమించి కలకత్తాలో గణితం బోధించాడు. అంతకుముందు ప్యారీచాంద్ మిత్రతో కలిసి, స్త్రీలకు అర్థమయ్యే వాడుకభాషలో ‘మాసిక్ పత్రిక’ నడిపాడు. 1870 మే 17న చందన్‌నగర్ సమీపాన మరణించాడు. సర్వే విధానాలను గురించి 1851లో శాఖవారు ప్రకటించిన గ్రంథంలో గణితభాగాలు చాలావరకు ఆయన వ్రాసినవే. తొలి ముద్రణ పీఠికలో ఆ సంగతి ఒప్పుకొన్నారు. ఆయన పోయిన ఐదేండ్లకు వెలువడిన మూడవ ముద్రణలో పీఠిక నుండి ఆ పేరు మాయమైనది, వ్రాసిన భాగాలు మాత్రం మిగిలినవి. ఇది మృతుని సొమ్ము దోచుకొనుట కాదా అని ‘ఫ్రెండ్ ఆఫ్ ఇండియా’ పత్రిక 1876లో నిలదీసినది. అది ఆంగ్లేయుల పత్రికే అని మరువరాదు. 2004లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసినది.

కొండను దూరం నుండి కొలిచిన వారి కథ ఇట్లుండగా, ఎక్కబోయిన వారి కథ 1921లో మొదలైనది. నేపాలు తలుపులు మూసి ఉన్నందున ఆంగ్లేయులు టిబెట్టు మీదుగా వెళ్లారు. మొదటి ప్రయాణంలో దారి వెదుకుటతోనే సరిపోయినది. 1922లో ఫించ్, జెఫ్రీ బ్రూస్ అనే ఇద్దరు ప్రాణవాయువు సీసాలు వీపున కట్టుకొని 27,000 అడుగులు దాటారు. ఆ సంవత్సరం జూన్ 7వ తేదీన, వానలు మొదలైన తరువాత, మేలరీ నాయకత్వాన మరొక ప్రయత్నం జరిగినది. మెత్తని కొత్త మంచు మీద త్రాడు కట్టుకొని పోతున్న బృందంపై మంచుచరియ విరిగిపడినది. తెల్లవారందరూ బ్రతికి బయటపడ్డారు. బరువులు మోస్తున్న ఏడుగురు కొండజాతివారు మంచు క్రింద సమాధి అయిపోయారు. తమలో ఒక్కరైనా వారితో పాటు పోలేదే అని ఆ బృందంలోని డాక్టరు సోమర్‌వెల్ ఎంతగానో కుమిలిపోయాడు. ఆ దండయాత్ర ముగియగానే ఆయన దక్షిణాదికి వచ్చి తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రి చూచాడు. రోగుల సంఖ్యకు తగిన వైద్యులు లేకుండుట చూచి అక్కడే ఉండిపోయాడు. లండనులో గొప్ప వృత్తిని వదలుకొని జీవితంలో అధికభాగం దక్షిణభారతంలోనే గడిపాడు.

1924లో నార్టన్ ప్రాణవాయువు లేకుండా 28,126 అడుగుల వరకు పోయి వెనుదిరిగాడు. ఆ రికార్డు అట్లా పోయినవారిలో యాభైనాలుగేండ్లు చెక్కుచెదరలేదు. నాలుగు రోజుల తరువాత, జూన్ 8న, మేలరీ, ఇర్విన్ బయలుదేరారు. మధ్యాహ్నం మేఘాలు ఒక్కక్షణం విడిపోగా, శిఖరానికి పోయే గట్టుమీద రెండు నల్లని చుక్కలు కదులుతూ ఉండుట క్రిందనుండి ఓడెల్ చూచాడు. మేఘాలు మళ్లీ మూసుకొన్నవి. వారు తిరిగి రాలేదు. మేలరీ దేహం 1999లో దొరికినది. ఇర్విన్ పాదమొకటి బూటుతో సహా 2024లో హిమానీనదంలో బయటపడినది. వారు శిఖరం చేరి దిగివస్తూ మరణించారా, చేరకుండానే పోయారా అన్నది ఆ కొండకు మాత్రమే తెలుసు.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత టిబెట్టు మార్గం మూతపడి, నేపాలు మార్గం తెరుచుకొన్నది. 1952లో స్విట్జర్లాండువారు శిఖరానికి ఎనిమిదివందల అడుగుల చేరువ వరకు పోయారు. అందులో రేమాండ్ లాంబర్ట్‌తో పాటు పై మెట్టుకు చేరినవాడు షేర్పా టెన్సింగ్ నార్గే. షేర్పాలు టిబెట్టు తూర్పుభాగం నుండి కొన్ని శతాబ్దాల క్రితం నేపాలుకు వలసవచ్చిన జాతి. శిఖరాలు దేవతల నివాసాలని వారి విశ్వాసం. పరాయివారు వచ్చి కూలి ఇచ్చేవరకు వాటిని ఎక్కవలెనని వారికి తోచలేదు. టెన్సింగ్ మాత్రం వేరు. ఆయనకు కూలితో పాటు శిఖరం మీద కూడా ఆశ ఉన్నది. 1935 నుండి బరువులు మోస్తూ వచ్చి, 1953లో జాన్ హంట్ బృందంతో ఏడవసారి ఆ కొండకు బయలుదేరాడు.

మే 26న ఇవాన్స్, బోర్డిలాన్ దక్షిణశిఖరం దాకా పోయి, ప్రాణవాయువు చాలక వెనుకకు వచ్చారు. 28వ తేదీ రాత్రి దాదాపు 27,900 అడుగుల ఎత్తున చిన్న గుడారంలో టెన్సింగ్, హిల్లరీ తలదాచుకొన్నారు. తెల్లవారేసరికి బయట విడిచిన హిల్లరీ బూట్లు గడ్డకట్టి ఇనుములైపోయినవి. పొయ్యిమీద కాచి మెత్తబరచుటకు రెండు గంటలు పట్టినది. ఉదయం పదకొండున్నరకు ఇద్దరూ శిఖరం మీద నిలిచారు. పావుగంట సేపు ఉన్నారు. టెన్సింగ్ దేవతలకు మిఠాయి, బిస్కత్తులు నైవేద్యం పెట్టి, కుమార్తె ఇచ్చిన పెన్సిలు ముక్కను కూడా మంచులో ఉంచాడు. శిఖరం మీద తీసిన ఛాయాచిత్రంలో ఉన్నది టెన్సింగ్ ఒక్కడే. హిల్లరీ చిత్రం లేదు.

కొండ దిగినంత సులభంగా ఆ పై వచ్చిన గొడవ దిగలేదు. మొదట కాలు పెట్టినవాడెవడు? ఖాట్మండూ వీధులలో జనం టెన్సింగే అన్నారు. ఇంగ్లండు పత్రికలు మరొక విధంగా అన్నవి. నేపాలీయుడా, భారతీయుడా అని మరొక తగవు. ఇద్దరూ దాదాపు ఒకేసారి చేరామని సంతకాలు చేసి ఇచ్చారు. ఇంగ్లండు రాణి హంటుకూ హిల్లరీకీ ‘సర్’ బిరుదులిచ్చినది, టెన్సింగ్‌కు ఒక పతకం ఇచ్చినది. ఈ తారతమ్యం చాలామందికి ఆనాడే నచ్చలేదు, నచ్చకపోవడం న్యాయమే. 1955లో ప్రకటించిన ఆత్మకథలో టెన్సింగే నిజం చెప్పాడు: త్రాటికి ముందున్నది హిల్లరీ, మొదట అడుగుపెట్టినదీ ఆయనే. ఒక జాతి జాతియంతా నీవే మొదటివాడవని జేజేలు పలుకుతూ ఉండగా, కాదని చెప్పుటకు శిఖరం ఎక్కుటకు కావలసినంత గుండె కావలె.

1954లో నెహ్రూ ప్రోత్సాహంతో డార్జిలింగులో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ ఏర్పడినది. అక్కడ శిక్షణాధిపతి టెన్సింగ్. భారతీయ బృందాలు 1960లోనూ, 1962లోనూ శిఖరం సమీపం నుండి వాతావరణం వికటించి వెనుదిరిగినవి. 1965లో కోహ్లీ నాయకత్వాన వెళ్లినవారు మే 20కీ 29కీ మధ్య నాలుగు దఫాలుగా తొమ్మండుగురు శిఖరం చేరారు. వారిలో నవాంగ్ గోంబు టెన్సింగ్‌కు బంధువు; రెండుసార్లు ఆ శిఖరం ఎక్కిన మొదటి మనిషి. 1975లో జపాను మహిళ జున్‌కో తాబెయి, 1978లో ప్రాణవాయువు లేకుండా మెస్నర్, హేబెలర్, 1984లో మన బచేంద్రీపాల్, ఇట్లా ఒక్కొక్కరూ ఒక్కొక్క అసాధ్యాన్ని తుడిచివేశారు. 2006లో నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్‌బాబు ఎవరెస్టుతో సహా ఏడు ఖండాల మహాశిఖరాలను ఒకే యేట ఎక్కి ముగించాడు. 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా పోయి మరణించాడు.

2014 ఏప్రిల్ 18న నేపాలు వైపున మంచుగోడ కూలి పదహారుమంది చనిపోయారు. అందరూ నేపాలీయులే, బరువులు మోసేవారే. 1922 నాటి ఏడుగురికీ వీరికీ నడుమ తొంభై రెండేండ్లు గడచినవి. ఆ దుర్ఘటన తరువాత ఐదు వారాలకు, మే 25న, ఉత్తరపు వైపునుండి ఇద్దరు తెలుగు విద్యార్థులు శిఖరం చేరారు. ఒకరు నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ. రెండవవాడు ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణ వయస్సు పదమూడేండ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయస్సున ఏ బాలికా అంతకుముందు ఆ శిఖరం ఎక్కలేదు. వారు మొదట రాతిమీద ప్రాకుట నేర్చుకొన్నది భువనగిరి ఏకశిల మీద. మంచుమీద నడక నేర్చుకొన్నది టెన్సింగ్ పాఠాలు చెప్పిన డార్జిలింగు సంస్థలో.

ఎత్తును గురించిన తగవు ఇంతకాలం సాగుతూనే ఉన్నది. 1954లో మన సర్వేశాఖ మళ్లీ కొలిచి 29,028 అడుగులన్నది. దానినే మీటర్లలో 8,848 అని రెండు తరాల విద్యార్థులు వల్లె వేశారు. 2015 భూకంపంలో కొండ క్రుంగినదేమో అన్న సందేహంతో నేపాలు ప్రభుత్వం తన మనుషులతోనే, తన ఖర్చుతోనే కొలిపించదలచినది. 2019 మే 22న తెల్లవారుజామున మూడు గంటలకు, జనసమ్మర్దం లేని వేళ చూచుకొని, నేపాలు సర్వేశాఖ ఉద్యోగి ఖిమ్‌లాల్ గౌతమ్ ఉపగ్రహ సంకేతాలను అందుకొనే యంత్రాన్ని మోయించుకొని శిఖరానికి చేరాడు. చీకటిలో, ఆ చలిలో, గంటకు పైగా నిలిచి కొలతలు తీసికొన్నాడు. మంచుకాటుకు కాలివేలిలో కొంతభాగం పోయినది. మరుసటి సంవత్సరం చైనావారు కూడా ఉత్తరపు వైపు నుండి కొలిచారు. 2020 డిసెంబరు 8న ఉభయ దేశాలవారూ కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. అడుగులలో అది 29,031కి కొంచెం పైన. కలకత్తాలో కూర్చుండి, ఇతరులు నూరుమైళ్ల దూరం నుండి తీసిన కోణాలతో, కాగితం మీద కలముతో 1852లో రాధానాథ్ సిక్దార్ తేల్చిన లెక్కకు ఇంచుమించు ముప్పది అడుగుల తేడా.